సీసాలో ఏముందో చెప్పాలి

చలికాలం ముదిరేకొద్దీ మన గొర్రెల దొడ్ల దగ్గర రాత్రిపూట ఒక చప్పుడు వినపడుతుంది. జీవాలు కంపకూ, గుంజలకూ ఒళ్లు రుద్దుకునే చప్పుడు. మొదట ఒకటో రెండో. నెల తిరిగేసరికి మందలో సగం. మూతి చుట్టూ, చెవుల మీద బొచ్చు ఊడుతుంది. చర్మం మందమై పొలుసులు కడుతుంది. గీకి గీకి నెత్తురు కారుతుంది. మేత తినడానికి కూడా తీరిక లేనట్టు గోక్కుంటూనే ఉంటాయి. ఈనిన గొర్రెకు పాలు తగ్గుతాయి, పిల్ల ఎదగదు. బేరగాడు వచ్చి చర్మం మీద చెయ్యి వేసి చూసి, ఒక్క మాటలో ధర కోసేస్తాడు. గజ్జి అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ మాటకు మన ఇంట్లో ఎంత డబ్బు పోతోందో ఎవరూ లెక్క కట్టలేదు.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. రెండూ కలిపితే మూడున్నర కోట్లకు పైగా. పత్తికి తెగులొస్తే పత్రికలు రాస్తాయి, మిర్చికి తామర పురుగొస్తే శాస్త్రవేత్తలు కార్లు దిగుతారు. గొర్రెకు గజ్జి వస్తే మాత్రం సంతలో సీసా అమ్మేవాడు ఒక్కడే వస్తాడు.

ఆ సీసా గురించే ఈ నెల రాస్తున్నాను. ఎందుకంటే ఆ సీసా కొన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆరేడేళ్ల కిందటి మాట. మాకు పదిహేను మేకలుండేవి. నాలుగింటికి మూతుల మీద గజ్జి లేచింది. ఆసుపత్రికి తోలుకు వెళ్దామంటే మండల కేంద్రం పదకొండు కిలోమీటర్లు. వారపు సంతలో ఒకాయన మైకు పెట్టి, పూర్తిగా మూలికలతో చేసింది, లవంగం, నిమ్మగడ్డి, నీలగిరి, వేప అన్నీ ఉన్నాయి, ఏ హానీ లేదు అని అమ్ముతున్నాడు. వాసన చూస్తే ఘాటు ముక్కులోకి కొట్టింది. ఇంత ఘాటుంటే పురుగు చావదా అనుకుని మూడు వందల యాభై పెట్టి రెండు సీసాలు తెచ్చాను. ఎంత నీళ్లు కలపాలో, ఎంత నూనె కలపాలో సీసా మీద లేదు. కలపాలన్న సంగతే లేదు. అలాగే పూశాం. మర్నాటికి రెండు మేకలకు మూతులు కమిలి బొబ్బలెక్కాయి. ఒకదానికి పొదుగు దగ్గర కూడా పూశాం, ఆ ఘాటుకు పిల్ల పాలకు మూతి పెట్టలేదు. మూడో రోజు పిల్ల పోయింది. మా ఆవిడ ఆ పిల్లను రాత్రంతా ఒళ్లో పెట్టుకుని గుడ్డతో పాలు పిండింది. ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే నన్నే అంటుంది. ఆమె అనేదాంట్లో తప్పేమీ లేదు.

ఇందులో అసలు చిక్కు ఏమిటంటే, ఆ సంత మనిషి పూర్తిగా అబద్ధమాడలేదు. చెట్ల నుంచి తీసే ఘాటు నూనెల్లో కొన్ని గజ్జి పురుగును నిజంగానే చంపుతాయి. ఇది నమ్మకం కాదు, పరీక్షించి చూసిన మాట.

ముందు ఆ పురుగు సంగతి. గజ్జి పురుగు అని పిలుస్తాం గానీ అది పురుగు జాతి కాదు, నల్లి జాతి. ఎనిమిది కాళ్లు. సాలీడుకు, పిడుదుకు చుట్టం. మిర్చి వేసిన రైతుకు ఈ తేడా కొత్త కాదు. ఎర్రనల్లి పడినప్పుడు మామూలు పురుగుమందు కొడితే నల్లి చావకపోగా, దాన్ని తినే మిత్రపురుగులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుంది. గజ్జి నల్లి పొడవు మిల్లీమీటరులో మూడో వంతు, కాస్త అటూ ఇటూ. కంటికి ఆనదు. ఇందులోనూ రకాలున్నాయి. ఒక రకం చర్మం పై పొరను తొలుచుకుంటూ సొరంగం చేసుకుని లోపల గుడ్లు పెడుతుంది. మేకల మూతులకు, గేదెల మెడకు, మనుషుల వేళ్ల సందులకు వచ్చేది ఎక్కువగా ఇదే. ఇంకో రకం చర్మం తొలవదు, పైనే ఉండి పొలుసుల కింద బతుకుతుంది. ఉన్ని ఉన్న గొర్రెల్లో వీపు మీద, పక్కల మీద బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడితే చాలాసార్లు దీని పనే. పైన ఉన్నదాని మీద నూనె పడుతుంది. సొరంగంలో ఉన్నదాని దగ్గరికి నూనె వెళ్లాలి. ఏ రకమో తెలియకుండా మందు రాయడమంటే కాయతొలిచే పురుగుకీ రసం పీల్చే పురుగుకీ ఒకే మందు కొట్టడమే.

ఇక నూనెలు. మనం నూనె అనే ఒక్క మాట వాడతాం గానీ ఇవి రెండు తెగలు. వేపగింజ, కానుగ గింజ గానుగలో ఆడిస్తే వచ్చేది ఒకటి. చేతికి రాసుకుంటే జిడ్డుగా నిలుస్తుంది, ఆవిరి కాదు. రెండోది నిమ్మగడ్డి, పామారోజా గడ్డి, జామాయిల్ ఆకు, లవంగం లాంటివాటిని ఆవిరి పట్టి తీసేది. పెద్ద బట్టీలో గడ్డి కుక్కి కింద మంట పెడితే, ఆవిరి గడ్డిలోని నూనెను మోసుకుని గొట్టంలోకి వస్తుంది. చన్నీళ్ల తొట్టిలో చల్లబడి నీరవుతుంది, నూనె వేరుపడుతుంది. టన్ను పచ్చి నిమ్మగడ్డి బట్టీకెక్కిస్తే వచ్చేది నాలుగైదు కిలోలు. అంత చిక్కబడిన సరుకు కాబట్టే దానికి ఆ ఘాటు, ఆ బలం. కాగితం మీద చుక్క వేస్తే కాసేపటికి మరక కూడా మిగలదు. గడ్డిని వెయ్యేళ్లుగా వాడుతున్నాం కదా, నూనెతో ఏమవుతుందిలే అనుకోకూడదు. గుప్పెడు గడ్డి వేరు, అరబండి గడ్డిని సీసాలో దించడం వేరు.

పరీక్షల సంగతి. ఆస్ట్రేలియాలో డార్విన్ దగ్గర ఆదివాసీ పల్లెల్లో గజ్జి దశాబ్దాలుగా పీడిస్తోంది. అక్కడి పరిశోధకులు రోగి చర్మం నుంచి తీసిన నల్లుల మీద 5 శాతం టీ ట్రీ నూనె వేసి చూశారు. టీ ట్రీ అంటే మన తేయాకు కాదు, ఆ దేశంలో పెరిగే వేరే చెట్టు. డాక్టర్లు రాసే పర్మెత్రిన్ క్రీము కంటే ఆ నూనె పడిన నల్లులు త్వరగా చచ్చాయి. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 2016లో ఫ్రాన్స్‌లో పది రకాల నూనెలను ఇలాగే పోల్చి చూశారు. అన్నిటిలోకి లవంగ నూనె గట్టిదని తేలింది. 1 శాతం లవంగ నూనె తగిలిన నల్లులన్నీ 20 నిమిషాల్లో చచ్చాయి. పామారోజా నూనె కూడా బాగా పని చేసిన వాటిలో ఉంది. పామారోజా అంటే మన దేశపు గడ్డే, మన మెట్ట భూముల్లో పెరిగేదే.

వేప, పసుపు గురించి చెప్పకపోతే పాఠకులు ఊరుకోరు. 1992లో ఒక వైద్య పత్రికలో మన దేశపు డాక్టర్లిద్దరు రాశారు. వేపాకు, పసుపు ముద్దగా నూరి 814 మంది గజ్జి రోగులకు పూయించారు. 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో తగ్గిందట. మన అమ్మలు చేసిన వైద్యమే. అయితే పక్కన ఇంకో గుంపును పెట్టి, వాళ్లకు వేరే మందు ఇచ్చి పోల్చి చూసిన పని కాదది. తొలి ప్రయత్నంగా చేసింది. ఆ తర్వాత పెద్ద ఎత్తున పోల్చి చూడాల్సింది. ముప్పై ఏళ్లు దాటింది. వేపాకు పేటెంటు చేసి అమ్ముకునే సరుకు కాదు కాబట్టి దాని మీద డబ్బు పెట్టేవాడు కంపెనీల్లో ఉండడు. అందుకే ఆ పని ప్రభుత్వానిది అంటున్నాం.

పేటెంటు మాట వచ్చింది కాబట్టి ఒకటి గుర్తు చేయాలి. వేపనూనెతో బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతి తమదేనని అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యు.ఆర్. గ్రేస్ అనే కంపెనీ కలిసి ఐరోపాలో పేటెంటు తీసుకున్నాయి. మన దేశం నుంచి వెళ్లినవాళ్లు కొట్లాడితే 2000లో అది రద్దయింది. అప్పీలు కూడా 2005లో కొట్టేశారు. అప్పుడు సంబరం చేసుకున్నాం. వేప మనదే అని తేలింది. తేలి ఇరవై ఏళ్లయినా ఆ వేపను మేకకు ఎంత రాయాలో చెప్పే కాగితం ముక్క ఊళ్లో లేదు.

ఇప్పుడు ప్రయోగశాలకూ దొడ్డికీ మధ్య దూరం చూద్దాం. గాజు పళ్లెంలో నల్లి ఉత్త ఒంటితో పడి ఉంటుంది, మీద చుక్క పడగానే చస్తుంది. మేక మూతి మీద అది పొలుసుల కింద, చర్మం లోపల ఉంటుంది. పైన రాసిన నూనె లోపలికి పోయేలోపు సగం గాలిలో కలిసిపోతుంది. రెండోది గుడ్లు. మూడు నాలుగు రోజుల్లో పిల్లలై, రెండు వారాల్లో పెద్దవై మళ్లీ గుడ్లు పెడతాయి. ఒక్కసారి రాసి దురద తగ్గిందని ఆపేస్తే పది రోజులకు మళ్లీ మొదలు. మూడోది, ఈ నూనెల బలం ఎప్పుడూ ఒకలా ఉండదు. కోత ఏ నెలలో కోశాం, ముదురా లేతా, బట్టీలో ఎంతసేపు ఉంచారు, సీసా ఎండలో ఎన్నాళ్లు నిలబడింది, వీటన్నిటిని బట్టి మారుతుంది. నాలుగోది, చర్మం. నల్లికి పడని నూనె చర్మానికీ పడకపోవచ్చు. 1 శాతం అంటే లీటరు కానుగ నూనెలోనో కొబ్బరి నూనెలోనో 10 మిల్లీలీటర్లు. నేను పూసింది ఎంత శాతమో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మినవాడికీ తెలిసి ఉండదు.

ఇంతకీ ఇంగ్లీషు మందు వాడితే పోదా అంటారు. నిజమే, ఐవర్‌మెక్టిన్ సూదిమందు బాగా పని చేస్తుంది. నేను ఆ మందుకు వ్యతిరేకిని కాను. ఆ మేకలకు చివరికి తగ్గింది దానితోనే. చెట్టు మందు, ఇంగ్లీషు మందు అని మధ్యలో గోడ కట్టేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఐవర్‌మెక్టిన్ పుట్టింది మట్టిలోంచి. జపాన్‌లో సతోషి ఒమురా అనే శాస్త్రవేత్త మట్టి నమూనాలు ఏరి తెస్తే, అందులోని ఒక సూక్ష్మజీవి నుంచి ఈ మందు తీశారు. 2015లో ఆయనకూ, దాన్ని జీవాల మీద పరీక్షించిన విలియం క్యాంప్‌బెల్‌కూ నోబెల్ బహుమతి ఇచ్చారు. పర్మెత్రిన్ కూడా ఒక రకం చామంతి పూల పొడిలోని విషాన్ని చూసి, దాని పోలికతో తయారు చేసిందే. అంటే మట్టినీ మొక్కనూ ఎవరో శ్రద్ధగా పరీక్షించి, కొలిచి, లేబుల్ వేస్తే అది మందు అయింది. మన దగ్గర ఆ శ్రద్ధ పెట్టలేదు, అంతే తేడా.

అలాగని సూదిమందు వాడే తీరు కూడా బాగాలేదు. శరీర బరువు 50 కిలోలకు 1 మిల్లీలీటరు, చర్మం కింద వేయాలి. ముప్పై కిలోల గొర్రెకు అర మిల్లీలీటరు పైచిలుకు. మన దగ్గర కంటితో చూసి వేస్తారు, ఒకే సూదితో మందంతా వేస్తారు, తక్కువ వేసి నీరసపు దెబ్బ కొడతారు. అది గుడ్లను చంపదు కాబట్టి రెండోసారి వేయాలన్నది చాలామందికి తెలియదు. వేసిన తర్వాత లేబుల్ మీద రాసిన రోజులు గడిచేదాకా ఆ జీవాన్ని కోయకూడదు. పాలిచ్చే గేదెకు వేస్తే మందు పాలల్లోకి దిగుతుంది. ఆ పాలు మన పిల్లలే తాగుతారు. ఇంకో సంగతి, సూది వేసిన జీవం పేడలో కొన్నాళ్లు మందు మిగిలి, పేడ దొర్లించే పురుగులు, పేడను మట్టిలో కలిపే పురుగులు చస్తాయి. ప్రకృతి వ్యవసాయం అని తిరిగే మనకు ఇది పట్టాలి. అయినా సరే, మంద మొత్తానికి గజ్జి అలుముకుని జీవం కూలబడే స్థితిలో ఉంటే సూదిమందే దిక్కు. అక్కడ మూలికల పట్టుదల పనికిరాదు.

వీటికన్నా ఘోరాలు ఊళ్లో జరుగుతున్నాయి. గేదె మెడకు వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తారు. అందులో ఉండే లోహాలు, విషాలు చర్మంలోంచీ, నాకినప్పుడు నోట్లోంచీ లోపలికి పోతాయి. ఇంకొందరు పత్తికి కొట్టగా మిగిలిన మందు బకెట్టులో కలిపి జీవాలను తడుపుతారు. మా పక్క ఊళ్లో ఒక గొర్రెల కాపరి, వరసకు నన్ను బాబాయ్ అంటాడు, పోయినేడు ఇలాగే చేశాడు. సాయంత్రం ఫోను చేసి, "బాబాయ్, జీవాలు నోట్లోంచి చొంగ కారుస్తా కింద పడి కొట్టుకుంటన్నాయి" అన్నాడు. వెళ్లేసరికి ఐదు పోయాయి. చదువుకోలేదని వాణ్ణి తిట్టడం సులువు. వాడి దగ్గర ఆ పూట ఉన్నది ఆ డబ్బా ఒక్కటే. డాక్టరు పోస్టు ఖాళీగా ఉండి ఏడాది దాటింది.

జీవాల నుంచి మనుషులకు వద్దాం. మేకల గజ్జి కాపరి చేతులకు అంటుతుంది, దురద పెడుతుంది. కానీ అది మనిషి చర్మంలో కాపురం పెట్టలేదు. జీవాలకు తగ్గితే మనకూ తగ్గుతుంది. మనిషి నుంచి మనిషికి అంటేది వేరు. ప్రపంచంలో ఏ రోజు చూసినా 20 కోట్ల మందికి పైగా గజ్జితో ఉంటారని అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని పట్టించుకోని ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. పట్టించుకోని అన్న మాట సరిగ్గా సరిపోయింది. హాస్టళ్లలో చదివే మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు వేళ్ల సందులు చూడండి. ఒక్క గదిలో ఇరవై మంది, ఒకరి దుప్పటి ఒకరు, నీళ్లు చాలవు. రాత్రంతా గోక్కుని పొద్దున తరగతిలో కునికే పిల్లవాడికి మొద్దు అని పేరు పెడతారు. గోకిన పుండ్లు చీము పడితే కిడ్నీల దాకా పోవచ్చు. అది దురదతో ఆగే జబ్బు కాదు.

పిల్లల మీద సంత సీసాల ప్రయోగం అసలు వద్దు. జామాయిల్ నూనె, కర్పూరం నూనె పసిపిల్లలు రెండు చెంచాలు మింగినా ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది. చంటిబిడ్డకు వేపనూనె తాగించి ప్రాణాపాయం తెచ్చుకున్న ఇళ్లూ ఉన్నాయి. పిల్లికి, కుక్కకు టీ ట్రీ నూనె విషం. మనిషి గజ్జికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పర్మెత్రిన్ క్రీము అడగండి. మెడ నుంచి పాదాల దాకా రాసి రాత్రంతా ఉంచాలి, వారానికి మళ్లీ రాయాలి. ఇంట్లో దురద లేనివాళ్లు కూడా అదే రోజు రాయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉడకబెట్టాలి, కుదరకపోతే నాలుగు రోజులు మూట కట్టి పక్కన పెడితే చాలు. ఒంటి మీద లేకపోతే నల్లి రెండు మూడు రోజులకు మించి బతకదు. ఒక్కరికి రాసి ఊరుకుంటే ఇంట్లో గజ్జి కబడ్డీ ఆడుతుంది.

ఇంత చెప్పి, ఈ నూనెలను వదిలేయమంటున్నానా అంటే కాదు. నా కోపం నూనె మీద కాదు, కొలత లేకపోవడం మీద. పైరుకు కొట్టే వేపమందు కొనండి, డబ్బా మీద 300 పి.పి.ఎం. అనో, 1500 అనో, 10,000 అనో రాసి ఉంటుంది. ఎకరాకు ఎంతో, లీటరు నీటికి ఎంతో ఉంటుంది. నాసిరకం అని అనుమానం వస్తే శాంపిల్ తీసి ల్యాబుకు పంపమని అడగొచ్చు. మిర్చి మొక్కకు దక్కిన ఆ మర్యాద మేకకు దక్కలేదు. మూలికల మందు అనే ఒక్క మాట అట్ట మీద అచ్చు వేస్తే చాలు, ఏముందో, ఎంత ఉందో అడిగేవాడు సంతలో ఉండడు.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. నిమ్మగడ్డి, పామారోజా వేయండి, నీళ్లు తక్కువ, అడవిపందులు ముట్టవు అని అరోమా మిషన్ వాళ్లు మెట్ట రైతులకు చెబుతున్నారు. బోడుప్పల్‌లోని సీమ్యాప్ కేంద్రం పిలకలిస్తుంది, సలహాలిస్తుంది. మంచిదే. మా వైపు కొందరు వేశారు. నూనె తీశాక కొనేది సబ్బుల, అగరొత్తుల వ్యాపారులు. ధర వాళ్ల ఇష్టం. ఇదే నూనె ఊళ్లో మేకకు మందుగా పనికొస్తుందని పరీక్షించి, కొలత ఖాయం చేసి, రైతు సంఘాలకు తయారు చేసే లైసెన్సు ఇప్పిస్తే, పండించిన చోటే అమ్మకం దొరుకుతుంది. ప్రకాశం జిల్లాలో జామాయిల్ తోటలు కొట్టినప్పుడు కర్ర కాగితం మిల్లుకు పోతుంది, ఆకు చేలో ఎండి దుమ్మవుతుంది. ఆ ఆకులో ఎంత నూనె ఉందో, అది గజ్జికి ఎంత పనికొస్తుందో తేల్చడం పశువైద్య విశ్వవిద్యాలయానికి పెద్ద పని కాదు. ఇద్దరు పరిశోధక విద్యార్థులు, నాలుగు మందలు, ఒక చలికాలం చాలు.

పని చేసి చూపించినవాళ్లు లేకపోలేదు. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ పశువులకు ఇంటి వైద్యాలను తూకాలతో సహా ప్రచారం చేస్తోంది. పిడుదులు, ఒంటి మీది పరాన్నజీవులకు వాళ్లు చెప్పేది ఇది: వెల్లుల్లి 10 రెబ్బలు, వేపాకు గుప్పెడు, వేపపండ్లు గుప్పెడు, వస కొమ్ము 10 గ్రాములు, పసుపు 20 గ్రాములు, లాంటానా ఆకు గుప్పెడు, తులసి గుప్పెడు. నూరి లీటరు నీళ్లలో కలిపి వడగట్టి, వారానికోసారి ఒంటికి పట్టించాలి, కొట్టంలో గోడల సందుల్లోనూ చల్లాలి. ఇది ప్రధానంగా పిడుదులకు. ముదిరిన గజ్జికి ఇదొక్కటే చాలుతుందని నేను చెప్పను. కానీ చూడండి, గ్రాములు ఉన్నాయి, రోజులు ఉన్నాయి. మందు అంటే ఇలా చెప్పాలి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది చేద్దాం. గోకే జీవాన్ని మొదటి రోజే మందలోంచి విడదీయండి. సంతలో కొత్తగా కొన్న జీవాన్ని రెండు వారాలు విడిగా కట్టండి. ఊరికి గజ్జి ఎక్కువసార్లు వచ్చేది కొన్న పొట్టేలుతోనే. ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూడమని అడగండి. పుండు అంచున బ్లేడుతో నెత్తురు చెమర్చేదాకా గీకాలి, పది నిమిషాల పని. విసుక్కుంటే మళ్లీ అడగండి. కానుగ నూనె, వేపనూనె లాంటి గానుగ నూనెలు పూసే అలవాటుంటే ముందు పొలుసులు సబ్బునీళ్లతో నానబెట్టి తీసేసి, చిన్న చోట రాసి ఒక రోజు ఆగి చూడండి. కమలకపోతే మిగతా చోట రాయండి. ఒకే రోజు ఒళ్లంతా పూయవద్దు. పొదుగుకు, కళ్ల దగ్గర వద్దు. ఘాటు నూనె ఏదైనా నేరుగా రాయవద్దు. వారంలో తగ్గుముఖం పట్టకపోతే సూదిమందుకు వెళ్లండి, రెండోసారి వేయించడం మరవొద్దు. పాల సంగతి డాక్టరును అడిగి తెలుసుకోండి.

సంఘం తరఫున అడుగుతున్నవి నాలుగు. పశువుల ఒంటికి రాసే ప్రతి మూలికల మందు మీద ఏ నూనె ఎంత శాతమో, ఎలా పలచన చేయాలో, ఏ జీవానికి వాడకూడదో తెలుగులో రాయాలి. రైతు సేవా కేంద్రాల్లో గజ్జికి సూదిమందు, బరువు కొలిచే టేపు చలికాలానికి ముందే పెట్టాలి. ఖాళీ పశువైద్యుల పోస్టులు నింపాలి. తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాలు రైతుల దొడ్లలోనే లవంగం, పామారోజా, నిమ్మగడ్డి, వేప, కానుగ నూనెలను సూదిమందుతో పక్కపక్కన పెట్టి పరీక్షించాలి. పని చేయదని తేలినా సరే, ఆ మాట అచ్చు వేసి మాకు చెప్పాలి.

వచ్చే నెల రెండో వారంలో ఈ విషయం మీద జిల్లా పశుసంవర్ధక అధికారిని కలవాలని కార్యవర్గం నిర్ణయించింది. ఉత్త మాటలతో వెళితే వినరు. మీ ఇళ్లలో, కొట్టాల్లో పడి ఉన్న గజ్జి నూనె ఖాళీ సీసాలు, అట్టపెట్టెలు పారేయకండి. ఎక్కడ కొన్నారు, ఎంత పెట్టారు, ఏ జీవానికి రాశారు, తగ్గిందా కమిలిందా అన్నది చీటీ మీద రాసి సీసాకు కట్టి మండల కార్యదర్శికి ఇవ్వండి. తగ్గితే తగ్గిందనే రాయండి. నా రెండు సీసాల్లో ఒకటి అటక మీద ఇంకా ఉంది, దాన్ని ముందుగా సంచిలో వేశాను.